ప్రయాణాల క్రెడిట్ కార్డు: ఏడాది ఫీజు కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్లు ఇప్పుడు హైదరాబాద్ దాటి నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి దాకా వచ్చేశారు. మాల్ గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని నిలబడతారు, పెట్రోల్ బంకులో పలకరిస్తారు, మధ్యాహ్నం భోజనం వేళకు ఫోన్ చేస్తారు. "ఎయిర్‌పోర్టులో భోజనం ఫ్రీ సార్, పాయింట్లతో టికెట్లు ఫ్రీ సార్" అంటారు. ఏడాది ఫీజు సంగతి అడిగితే "ఖర్చు పెడితే మాఫీ అయితది సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మాఫీకి ఎంత ఖర్చు పెట్టాలి, ఏ ఖర్చు లెక్కలోకి వస్తుంది, వచ్చే పాయింటు విలువ ఎన్ని పైసలు అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. కాగితం, పెన్ను, గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటే ఒక సాయంత్రంలో అయిపోయే పని ఇది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన జిల్లాల్లో ఎక్కువ కుటుంబాలకు ఫీజు లేని కార్డో, మూడు నాలుగు వందల ఫీజు ఉండే రైలు టికెట్ల కార్డో సరిపోతుంది. వేలల్లో ఫీజు ఉండే కార్డు కొందరికే గిట్టుబాటవుతుంది. మీరు ఆ కొందరిలో ఉన్నారో లేదో కింది లెక్కలే చెప్తాయి.

మొదట మిత్తి సంగతి

పాయింట్ల జోలికి వెళ్లకముందే ఒక ప్రశ్న. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టగలరా? కట్టగలం అని గట్టిగా చెప్పలేకపోతే ఈ కార్డులు మీకు వద్దు.

ఊళ్లో రెండు రూపాయల మిత్తికి అప్పు తెస్తేనే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. మూడు రూపాయల మిత్తి అంటే గతిలేకే తెస్తారు. చాలా క్రెడిట్ కార్డుల మీద మిత్తి నెలకు వందకు మూడున్నర రూపాయలు, కొన్నింటి మీద ఇంకాస్త ఎక్కువ. ఆ మిత్తి మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నెలకు నాలుగు రూపాయల పదమూడు పైసలు.

40,000 రూపాయల బిల్లు వచ్చిందనుకోండి. కింద చిన్న అక్షరాల్లో "మినిమం డ్యూ 2,000" అని ఉంటుంది. అంతే కట్టి ఊరుకుంటే మిగిలిన 38,000 మీద నెలకు 1,330 రూపాయల మిత్తి, 239 రూపాయల జీఎస్టీ, అంటే దాదాపు 1,570 రూపాయలు పడతాయి. ఖర్చులో ఒక శాతం విలువ పాయింట్లుగా ఇచ్చే కార్డయితే ఆ 40,000 ఖర్చుకు వచ్చేది 400. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లు కొత్తగా కొన్నవాటికి కూడా గడువు ఉండదు, గీకిన రోజు నుంచే మిత్తి మొదలవుతుంది. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీసినా అంతే, మొదటి రోజు నుంచే మిత్తి, దాని మీద వేరే ఛార్జి.

గత ఏడాది ప్రయాణాలు రాయండి

వచ్చే ఏడాది ఎక్కడెక్కడికో వెళ్దాం అనుకున్నవి వద్దు. గడిచిన పన్నెండు నెలల్లో నిజంగా వెళ్లినవి రాయండి. ఎక్కడికి, దేనిలో, ఎంతమంది, టికెట్లకు ఎంత అయింది. రాయడం మొదలుపెడితే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది, ఎందుకంటే మన ప్రయాణాల్లో పెద్ద భాగం ఆర్టీసీ బస్సుల్లోనే ఉంటుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఇంట్లో సగం మంది ప్రయాణాలకు ఖర్చే లేనప్పుడు వాటి మీద పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

సొంత కారులో తిరిగేవాళ్లు ఇంకోటి గమనించాలి. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దాటినా, కర్నూలు హైవే మీద రాయికల్ టోల్ దాటినా ఫాస్టాగ్‌లోంచే పోతుంది. ఫాస్టాగ్ రీఛార్జిని చాలా బ్యాంకులు వాలెట్‌లో డబ్బు వేసినట్టే చూస్తాయి, పాయింట్లు ఇవ్వవు. పెట్రోలుకూ ఎక్కువ కార్డుల మీద పాయింట్లు రావు. సర్‌ఛార్జి ఒక శాతం మాఫీ చేస్తారంతే. కాబట్టి కారు ప్రయాణాలే ఎక్కువైన ఇంటికి ట్రావెల్ కార్డు కన్నా పెట్రోల్ కంపెనీతో కలిసి ఇచ్చే కార్డు నయం.

రాసుకున్న చిట్టాలో ఎక్కువ ఖర్చు దేని మీద కనిపిస్తే ఆ దారిలో వెళ్లండి. రైలు ఏసీ టికెట్లా, దేశంలో విమానాలా, లేక అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లడమా. మూడింటికీ మూడు రకాల కార్డులు.

ఇంట్లో పెళ్లి జరిగిన ఏడాదిని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఆ ఏడాది ఖర్చు చూసి పెద్ద కార్డు తీసుకుంటే తర్వాతి ఏడాది ఫీజు ఒక్కటే మిగులుతుంది.

పాయింటుకు ఎన్ని పైసలు?

ప్రకటనల్లో శాతం కనపడదు, పాయింట్ల సంఖ్యే కనపడుతుంది. "ప్రతి 150 రూపాయలకు 4 పాయింట్లు" అని రాస్తారు. నాలుగు అంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. పాయింటు విలువ 20 పైసలైతే నాలుగు పాయింట్లు 80 పైసలు. 150 రూపాయలకు 80 పైసలంటే వందకు 53 పైసలు, అంటే అర శాతం కన్నా కొంచెం ఎక్కువ. ఇంకో కార్డు "100 రూపాయలకు 2 పాయింట్లు" అంటుంది, కానీ పాయింటు విలువ ఒక రూపాయి. అది రెండు శాతం. చూడటానికి తక్కువగా ఉన్నదే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఒకే కార్డులో పాయింటు విలువ మీరు దాన్ని వాడే చోటును బట్టి మారుతుంది. బ్యాంకు సొంత పోర్టల్‌లో విమాన టికెట్ కొంటే ఒక విలువ, షాపింగ్ వోచర్ తీసుకుంటే తక్కువ, బిల్లులో తగ్గించమంటే ఇంకా తక్కువ. విమాన కంపెనీ సొంత పాయింట్లుగా, అంటే మైళ్లుగా మార్చుకుంటే కొన్నిసార్లు ఎక్కువ విలువ వస్తుంది, కానీ దానికి సీట్ల లభ్యత, తేదీలు, పోర్టళ్లు అన్నీ కుదరాలి. ఆ ఓపిక మీకు ఉంటే మంచిదే. లేకపోతే మీరు నిజంగా వాడే పద్ధతిలో ఎంత వస్తుందో అంతే రాసుకోండి. ఏజెంటు చెప్పే "గరిష్ఠ విలువ" మీ లెక్కలోకి రాకూడదు.

పాయింట్లకు గడువు ఎంత, వాడుకునేటప్పుడు ఛార్జి ఉందా అన్నవి కూడా చూడండి. చాలా కార్డులు ప్రతి రిడెంప్షన్‌కూ 99 రూపాయలు, దాని మీద జీఎస్టీ వసూలు చేస్తాయి. నాలుగు వందల విలువైన పాయింట్లు వాడుకోవడానికి 117 రూపాయలు కట్టడమంటే పావు వంతుకు పైగా పోయినట్టే.

ఏడాది ఫీజు లెక్క

కార్డు మీద రాసిన ఫీజు వేరు, మన జేబులోంచి పోయేది వేరు. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 500 అంటే 590, 1,000 అంటే 1,180, 2,500 అంటే 2,950, 5,000 అంటే 5,900. లెక్క ఎప్పుడూ రెండో అంకెతోనే వేయాలి.

నల్గొండలో ఉంటున్న ఉద్యోగి కుటుంబాన్ని తీసుకుందాం. కార్డు మీద నెలకు 22,000 ఖర్చు, ఏడాదికి 2,64,000. అందులో పెట్రోలుకు నెలకు 3,000 చొప్పున 36,000, ఇన్సూరెన్స్ ప్రీమియం 30,000. వాళ్ల కార్డులో ఈ రెండింటికీ పాయింట్లు లేవనుకుందాం. అప్పుడు పాయింట్లు వచ్చే ఖర్చు 1,98,000.

ఫీజు లేని ఒక శాతం కార్డు తీసుకుంటే ఏడాదికి 1,980 రూపాయలు వస్తాయి.

2,500 ఫీజు ఉన్న రెండు శాతం ట్రావెల్ కార్డు తీసుకుంటే 3,960 వస్తాయి. ఫీజు 2,950 తీసేస్తే మిగిలేది 1,010. రెట్టింపు పాయింట్లు ఇచ్చే కార్డుతో చేతికి వచ్చేది సగం! ఏడాదిలో నాలుగుసార్లు లాంజ్‌కు, అంటే విమానాశ్రయంలో తిండి పెట్టే విశ్రాంతి గదికి వెళ్లి, వెళ్లిన ప్రతిసారీ 300 రూపాయల తిండి ఖర్చు తప్పిందని లెక్కేసినా 1,200 కలుస్తుంది. మొత్తం 2,210. ఉచిత కార్డు కన్నా 230 రూపాయలు ఎక్కువ, అదీ నాలుగుసార్లు విమానం ఎక్కితేనే.

ఫీజు ఎంత ఖర్చుకు గిట్టుబాటవుతుందో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. జీఎస్టీతో కలిపిన ఫీజును, రెండు కార్డుల శాతాల తేడాతో భాగించండి. ఇక్కడ తేడా ఒక శాతం, ఫీజు 2,950. అంటే పాయింట్లు వచ్చే ఖర్చు ఏడాదికి 2,95,000, నెలకు దాదాపు 24,600 దాటాలి. లాంజ్‌లను పక్కనపెడితే అంతవరకు ఉచిత కార్డే మేలు. శాతాల తేడా అర శాతమే అయితే ఈ అంకె రెట్టింపవుతుంది.

మొదటి ఏడాదిని, రెండో ఏడాదిని పక్కపక్కన రెండు గడులుగా రాయండి. మొదటి ఏడాది స్వాగత వోచర్ ఇస్తారు కాబట్టి దాదాపు ప్రతి కార్డూ లాభంగానే కనిపిస్తుంది. అసలు లెక్క రెండో ఏడాదిది. ఆ గడిలో నష్టం కనిపిస్తే, మొదటి ఏడాది పూర్తయ్యేలోపు మూసేసే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి.

ఇక మాఫీ. "రెండు లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ" అన్నప్పుడు మూడు విషయాలు అడగాలి. ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరా, కార్డు ఇచ్చిన తేదీ నుంచా? ఎక్కువగా రెండోదే. ఇంటి అద్దె, పెట్రోలు, వాలెట్, కిస్తీలుగా మార్చినవి లెక్కలోకి వస్తాయా? చాలా కార్డుల్లో రావు. ముందు ఫీజు కట్టించుకుని తర్వాత తిరిగి ఇస్తారా, అసలు వేయరా? ఇవి తేలాక కూడా ఒక ఉచ్చు మిగులుతుంది. మీ ఖర్చు సహజంగా 1,60,000 దగ్గర ఆగుతుంటే, 1,180 ఫీజు తప్పించుకోవడానికి ఇంకో 40,000 పెట్టి టీవీ కొనడం ఎంత మాత్రం పొదుపు కాదు. ఫీజు కట్టేయడమే చవక.

రైలు ప్రయాణాలు ఎక్కువైతే

మన వైపు చాలామందికి నిజంగా పనికొచ్చేది ఇదే. నల్గొండ నుంచి నారాయణాద్రి, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు, 2023 ఏప్రిల్ నుంచి తిరుపతి వందే భారత్ ఉన్నాయి. మహబూబ్‌నగర్ మీదుగా వెంకటాద్రి, అదే ఏడాది సెప్టెంబర్ నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ నడుస్తున్నాయి. తిరుపతికో బెంగళూరుకో ఏడాదికి రెండుసార్లు కుటుంబంతో ఏసీలో వెళ్లేవాళ్లకు ఐఆర్‌సీటీసీ పేరుతో వచ్చే కార్డులు గిట్టుబాటవుతాయి.

ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ కార్డులో మామూలు రకం తీసుకుంటే చేరేటప్పుడు ఫీజు 500, రెండో ఏడాది నుంచి 300. ఏసీ టికెట్ల మీద 10 శాతం వరకు పాయింట్లు వస్తాయి, పాయింటు ఒక రూపాయి, వాటితో మళ్లీ రైలు టికెట్ కొనుక్కోవచ్చు. ఏడాదికి 20,000 రూపాయల ఏసీ టికెట్లు కొంటే 2,000 దాకా వస్తుంది. రెండో ఏడాది ఫీజు జీఎస్టీతో 354 తీసేసినా 1,600 పైనే మిగులుతుంది. నెలకు ఇరవై వేలు గీకాల్సిన పనే లేదు.

కానీ స్లీపర్‌లో వెళ్తే ఆ 10 శాతం లేదు. నారాయణాద్రిలో స్లీపర్ బెర్తు తప్ప ఎక్కని ఇంటికి ఈ కార్డు దండగ. టికెట్ ఐఆర్‌సీటీసీలో మీ లాగిన్‌తో తీయాలి, స్టేషన్ బయట ఏజెంటు తీసిపెడితే పాయింట్లు రావు.

విమానాలు, లాంజ్‌లు

శంషాబాద్ విమానాశ్రయం పాలమూరు రోడ్డు మీదే ఉంది కాబట్టి మహబూబ్‌నగర్ వాళ్లు సిటీలోకి పోకుండానే చేరుకుంటారు. నల్గొండ వాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే చాలు. దూరం నుంచి వస్తాం కాబట్టి ముందుగానే బయల్దేరతాం, రెండు మూడు గంటలు కూర్చోవాల్సి వస్తుంది. అలాంటప్పుడు లాంజ్ బాగుంటుందన్నది నిజమే. అయితే దానికి విలువ కట్టేటప్పుడు బోర్డు మీద రాసిన ధర వేయకండి. లాంజ్ లేకపోతే మీరు అక్కడ ఎంత ఖర్చు పెట్టేవాళ్లో అంతే వేయండి. ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్లే అలవాటుంటే దాని విలువ సున్నా.

నిబంధనలు ఈమధ్య బాగా బిగించారు. గత మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లోపలికి పంపుతాం అనే షరతు చాలా కార్డులకు వచ్చింది. దేశీయ లాంజ్ వేరు, అంతర్జాతీయ లాంజ్ వేరు. సాధారణంగా కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్లకే ఉచితం, వెంట ఉన్న భార్యకో తల్లికో డబ్బు పడుతుంది.

ఒకే విమాన కంపెనీ పేరుతో ఉండే కార్డుల గురించి ఒక మాట. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఆ పేర్లతో కార్డులు తీసుకున్నవాళ్లకు అనుకున్న లాభం మధ్యలోనే మారిపోయింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎక్కేవాళ్లు, ఏ విమానానికైనా పాయింట్లు వాడుకోగల మామూలు ట్రావెల్ కార్డు తీసుకోవడమే మంచిదని నా సలహా. ఏ రకం పాయింట్లనైనా కూడబెట్టి ఏళ్ల తరబడి ఉంచుకోవద్దు.

పిల్లల దగ్గరికి విదేశం వెళ్లేవాళ్లకు

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లు నల్గొండ జిల్లాలో తక్కువేం కాదు. కాన్పుకనో, చదువు పూర్తయిందనో తల్లిదండ్రులు వెళ్లి కొన్ని నెలలు ఉంటారు. వీళ్లకు పాయింట్ల కన్నా ముఖ్యమైనది ఫారెక్స్ మార్కప్. డాలర్లలో కొన్న ప్రతిదాని మీద చాలా కార్డులు 3.5 శాతం వేస్తాయి, దాని మీద జీఎస్టీ. మొత్తం 4.13 శాతం. అక్కడ రెండు లక్షల రూపాయల విలువైన ఖర్చు చేస్తే 8,260 రూపాయలు అదనం. రెండు శాతం పాయింట్లు ఇచ్చే కార్డే అయినా వచ్చేది 4,000, పోయేది 8,260. మార్కప్ 2 శాతం ఉన్న కార్డయితే 4,720 పోతుంది. మార్కప్ అసలు లేని కార్డులు కూడా దొరుకుతున్నాయి, కొన్నింటికి ఏడాది ఫీజు కూడా లేదు. విదేశ ప్రయాణం ఉంటే మొదట వాటినే చూడండి.

అక్కడి దుకాణంలో మెషీన్ "రూపాయల్లో తీసుకోమంటారా, డాలర్లలోనా" అని అడిగితే డాలర్లే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్ల రేటు ప్రకారం మార్చి ఎక్కువ లాగుతారు. విదేశానికి తీసుకెళ్లే కార్డు వీసా లేదా మాస్టర్‌కార్డ్ కంపెనీది అయి ఉండాలి. రూపే కార్డు ఇక్కడ కిరాణా దుకాణం క్యూఆర్‌కు యూపీఐ ద్వారా కట్టడానికి చక్కగా పనికొస్తుంది కానీ అక్కడ అన్నిచోట్లా నడవదు.

దరఖాస్తు

దరఖాస్తుకు ముందు క్రెడిట్ రిపోర్టు, అంటే మీరు అప్పులు ఎలా కట్టారో చూపే నివేదిక చూసుకోండి. ఆ రిపోర్టు తయారుచేసే సంస్థలు సిబిల్‌తో సహా దేశంలో నాలుగు ఉన్నాయి, ఆ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, 750 దాటితే ఇబ్బంది ఉండదు. ఒకేసారి నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకండి, ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. జీతం స్లిప్పు, ఐటీ రిటర్నులు లేని రైతులు, చిన్న వ్యాపారులు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డుతో మొదలుపెట్టవచ్చు. ఏడాది పాటు సరిగ్గా కడితే మామూలు కార్డుకు దారి దొరుకుతుంది.

ఏజెంటు నోటిమాట నమ్మి సంతకం పెట్టకండి. ప్రతి కార్డుకూ ముఖ్య నిబంధనల పత్రం ఉంటుంది, ఎంఐటీసీ అంటారు. బ్యాంకు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఫీజులు, పాయింట్లు రాని ఖర్చులు, మాఫీ షరతు, మార్కప్, ఈ నాలుగూ ఆ పత్రంలో, కార్డు సొంత పేజీలో వెతికి మీ కాగితం మీద రాసుకోండి. "లైఫ్‌టైమ్ ఫ్రీ" అని చెప్తే ఆ మాట దరఖాస్తులోనో, బ్యాంకు పంపిన మెయిల్‌లోనో కనబడాలి.

కార్డు వచ్చాక బ్యాంకు యాప్‌లో ఆటోపే పెట్టండి. అక్కడ "మినిమం డ్యూ", "టోటల్ డ్యూ" అని రెండు ఉంటాయి. టోటల్ డ్యూ నొక్కండి. అంతర్జాతీయ వాడకం ప్రయాణం ఉన్నప్పుడే ఆన్ చేసి, తిరిగొచ్చాక ఆపేయండి. అడగకుండా కార్డు పంపితే, ఓటీపీ చెప్పి యాక్టివేట్ చేయకండి. 30 రోజుల్లో యాక్టివేట్ కాని కార్డుకు మీ సమ్మతి అడగాలని, మీరు ఒప్పుకోకపోతే పైసా తీసుకోకుండా మూసేయాలని 2022లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల్లో ఉంది.

ఏడాది తిరిగేసరికి

ఫీజు పడే తేదీకి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు పాత కాగితం తీసి, ఈ ఏడాది నిజంగా వచ్చిన పాయింట్ల విలువ, వాడుకున్న లాంజ్‌లు, కట్టబోయే ఫీజు పక్కపక్కన రాయండి. ఫీజు కన్నా వచ్చింది తక్కువైతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, కార్డు మూసేద్దామనుకుంటున్నానని చెప్పండి. చాలాసార్లు ఫీజు తగ్గిస్తారు, లేదా కొంత ఖర్చు పెడితే వెనక్కి ఇస్తామంటారు. ఆ షరతు మీకు సహజంగా కుదిరేదైతేనే ఒప్పుకోండి. ఫీజు లేని రకానికి మార్చమని కూడా అడగవచ్చు. అలా మారిస్తే పాత ఖాతా కొనసాగుతుంది కాబట్టి క్రెడిట్ చరిత్రకు దెబ్బ ఉండదు.

మూసేయాలనే నిర్ణయించుకుంటే ముందు పాయింట్లన్నీ వాడేయండి, బాకీ సున్నా చేయండి, ఆ కార్డు మీద నడుస్తున్న ఆటో డెబిట్లు వేరే దానికి మార్చండి. తర్వాత రాతపూర్వకంగా, అంటే యాప్‌లోనో మెయిల్‌లోనో అభ్యర్థన పంపి, నంబర్ దాచుకోండి. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే మూసేసే దాకా రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు ఇవ్వాలని అదే ఆదేశాలు చెప్తున్నాయి. మూసినట్టు వచ్చిన మెయిల్ భద్రపరిచి, రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా "క్లోజ్డ్" అని ఉందో లేదో చూసుకోండి.